కాలువ గట్టు దిగుడులో తుమ్మ దుంగ

మా ట్రాక్టరుకు బ్రేకులు ఉన్నాయంటే ఉన్నాయి, లేవంటే లేవు. ఖాళీగా పోతే ఎట్లాగో నిలిచేది. ట్రాలీ నిండా వడ్లు వేసుకుని కాలువ గట్టు దిగేటప్పుడు మాత్రం వెనక బరువు తోసుకొచ్చేది. ట్రాలీకి సొంత బ్రేకు లేదు మరి. అందుకని మా ఊరి పెద్దాయన ఒకాయన తుమ్మ దుంగ పట్టుకుని ట్రాలీ వెనక కూర్చునేవాడు. నడుము వంగక మడి పనికి ఆయన్ని ఎవరూ పిలవరు, ఉన్నది ఈ పనొక్కటే. మా ఆయన వెనక్కి తిరక్కుండానే "ఎయ్యప్పా!" అని అరిచేవాడు. పెద్దాయన దిగి చక్రం ముందు దుంగ పెట్టేవాడు. బండి ఆగేది.

ఆ పనంటే ఆయనకు ఎంత గర్వమో! "ఈ బండికి బ్రేకు నేనేనమ్మా" అనేవాడు నాతో. ఆయుధపూజనాడు ట్రాక్టరుకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక, ఆ దుంగకూ బొట్టు పెట్టేవాళ్ళం. ఆయన భుజాన కొత్త టవలు వేసేవాళ్ళం.

మడిలో బండి చటుక్కున తిరగాలంటే ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి ఉండే బ్రేకు పెడళ్ళు రెండింటినీ కలిపే కొక్కెం తీసేస్తారు. రోడ్డెక్కే ముందు మళ్ళీ తగిలించాలి. ఒకరోజు మా ఆయన తొందరలో మరిచిపోయాడు. నేను మడ్‌గార్డు మీద కూర్చునే ఉన్నాను. గట్టు దిగుతూ ఒక్క పెడలే తొక్కాడు. ట్రాక్టరు పక్కకు గుంజుకుంది, ట్రాలీ అడ్డం తిరిగింది. పెద్దాయన దూకి దుంగ వేశాడు. బండి నిలిచింది గానీ, ఆయన చెప్పు చక్రం కింద నలిగిపోయింది. కాలు వెంట్రుకవాసిలో తప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆయప్ప కాలు పోయింటే వాళ్ళింట్లో ఏం మొకం పెట్టుకుని చెప్తావు? బ్రేకులు చేయించేదాకా ఈ బండి కదిల్తే చూడు!" అని నడిరోడ్డులోనే కేకలేశాను.

బళ్ళారి గ్యారేజీలో అరిగిపోయిన బ్రేకు లైనర్లు మార్పించాం. ట్రాలీకీ బ్రేకు పెట్టించి, ట్రాక్టరు పెడలు తొక్కితే రెండూ పట్టేట్టు కలిపించాం. "ఇంగ బరాబర్ నిలబడ్తాదమ్మా, భయం లేదు" అన్నాడు మేస్త్రీ. నిజంగానే, వడ్ల బరువుతో దిగినా బుద్ధిగా ఆగింది. దేవుడికి దండం పెట్టుకున్నాను. ట్రాలీ వెనక కూర్చునే మనిషి సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

ఆ ఏడు ఆయుధపూజకు పెద్దాయన దుంగను కడిగి, పసుపు రాసి, చంకన పెట్టుకుని వచ్చాడు. మా పూజ అప్పటికే అయిపోయింది.

"ఇప్పుడు దాంతో పనేముండాదప్పా, పొయ్యిలో పెట్టుకోపో" అన్నాడు మా ఆయన, నవ్వులాటకే.

ఆయనా నవ్వాడు. "అవునప్పా. కాలు మిగిలె, పని పాయె" అని దుంగను మా గోడవారన పెట్టాడు. నేను టవలు తెద్దామని లోపలికి పోయి వచ్చేసరికి వెళ్ళిపోయాడు.

మొన్న బళ్ళారి మార్కెట్లో కనిపించాడు. జీన్సు ఉతికే చోట పనికి కుదిరాడట. పొద్దస్తమానం రంగునీళ్ళలో నిలబడేదేనట. కిందికి చూశాను. చీలమండల దాకా నీలం, వేళ్ళ సందులన్నీ నీళ్ళకు నాని పాసిపోయి ఉన్నాయి. అయ్యో, ఈ కాళ్ళ కోసమేనా ఆరోజు నేనంత రచ్చ చేసింది!

"ఊరికి వచ్చెయ్యప్పా, ఏదో ఒక పని చూస్తాంలే" అన్నాను.

"వద్దులేమ్మా" అన్నాడు. "బండి ఇప్పుడు బాగా నిలుస్తాందా?" అని అడిగాడు.

"నిలుస్తాందప్పా."

"మంచిది. కొక్కెం మాత్రం మరవొద్దని చెప్పు మీ ఆయనకు. ఇప్పుడు వెనక ఎవురూ లేరు కదా."