కొంగూ అంచూ ఉన్న స్విమ్మింగ్ పూల్

ఆ రోజుల్లో అమీర్‌పేటలో బస్సు దిగినవాడు ఏదో ఒక కోర్సులో చేరకుండా మళ్లీ బస్సెక్కిన దాఖలా లేదు. కాళ్లు నేలకు ఆనేలోపే చేతిలో ఒక కరపత్రం, రెండో చేతిలో ఇంకో కరపత్రం, మూడో చెయ్యి లేదు కాబట్టి సంచిలో మరోటి. నేనూ అలాగే జనగామ పక్కనుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరాను. కోర్సయితే అయింది గాని ఉద్యోగం మాత్రం రాలేదు. ఇంటర్వ్యూకు వెళ్లిన ప్రతిచోటా వాళ్లే నన్ను టెస్టు చేసి, లోపాలున్నాయని తేల్చి పంపించేవారు. ఊళ్లో మా బాపు ఫోన్ చేసినప్పుడల్లా "ఏం ఫికర్ లేదు బిడ్డా, బీఈడీ సీటు ఉండనే ఉన్నది" అని ధైర్యం చెప్పేవాడు. బీఈడీ చెడ్డదని కాదు. పది మంది పిల్లల ముందు నిలబడితే నాకు నా పేరు కూడా గుర్తురాదు. అందుకని హాస్టల్ మంచం ఖాళీ చేయాల్సిన గడువు దగ్గరపడుతున్న వేళ, పంజాగుట్టలో ఒక షోరూములో అమ్మకాల పిల్ల కావాలంటే కళ్లు మూసుకుని ఒప్పుకున్నాను. ఏం అమ్మాలో చేరాకే తెలిసింది. స్విమ్మింగ్ పూల్ లోపలివైపు వేసే పూతలు, గాజు బిళ్లలు, సన్న గులకరాళ్ల ప్లాస్టర్లు.

నేను అప్పటికి స్విమ్మింగ్ పూల్‌ను దగ్గరగా చూడనే లేదు. ఈత వచ్చు. మా పొలం బావిలో వీపుకు బెండ్లు కట్టి మా చిన్నాయిన తోసేస్తే వచ్చిన ఈత అది. ఆ బావికి లోపలి ఫినిషింగ్ అంటే పాచి, రెండు పిట్టగూళ్లు, అప్పుడప్పుడూ ఒక నీరుకట్టె పాము. అలాంటి నేను మెడలో కార్డు వేసుకుని "సార్, మీ పూల్‌కు ఏ లుక్ అనుకుంటున్నారు?" అని అడిగేదాన్ని. మా మేనేజరన్న మంచివాడే. మంచివాడైన కొద్దీ భయం వేసేది, ఎందుకంటే ఆయన "ఫికర్ చెయ్యకు" అన్నాడంటే ఏదో మునిగిందని అర్థం. (షోరూములో అందరం ఆయన్ను చాటుగా ఫికరన్న అనేవాళ్లం.) చేరిన రోజే చెప్పేశాడు: "చూడమ్మా, ఒక్క పూలు నువ్వే సొంతంగ పట్టుకుని, నీళ్లు నింపి, కస్టమరు ఖుషీ అయిండనిపించు. పర్మినెంట్ చేస్త. లేకుంటే నన్ను తప్పుపట్టకు." అంటే నా హాస్టల్ మంచానికీ బీఈడీకీ మధ్య ఒక్క స్విమ్మింగ్ పూల్ అడ్డంగా నిలబడిందన్నమాట.

ఆ పూల్ శ్రీనగర్ కాలనీలో దొరికింది. యజమానికి అమీర్‌పేటలో చీరల దుకాణం. నేత ఊరినుంచి వచ్చిన కుటుంబం, తండ్రి కాలంలో మగ్గాలు, కొడుకు కాలంలో మూడంతస్తుల షాపు. మేం ఆయన్ను షాపు సారు అనేవాళ్లం. కొత్త ఇంటి వెనక పూల్ కట్టిస్తున్నది సరదాకు కాదు, వాళ్లమ్మ మోకాళ్ల కోసం. నీళ్లలో నడిస్తే నొప్పులు తగ్గుతాయని డాక్టరు చెప్పాడు. షాపు సారుకు గోవాలో ఏదో హోటల్లో చూసిన నల్లటి పూల్ కావాలి. ఆయన భార్యకు తెల్లటిది కావాలి. చివరి మాట మాత్రం అవ్వది. అందరూ ఆమెను అవ్వ అనే పిలిచేవారు, నేను కూడా.

అవ్వ షోరూముకు వచ్చిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టు ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నేను టేబుల్ మీద పరిచిన నమూనాలను లైట్ల కింద చూడనే చూడలేదు. కాగితానికి చిన్న చిన్న నీలం గాజు బిళ్లలు అతికించిన, గుడ్డలా వంగే పలకను చంకలో పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ నేరుగా రోడ్డు మీదికి నడిచింది. మెట్రో పిల్లర్ నీడ దాటి, ఎండలో నిలబడి, పలకను ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. బొటనవేలితో రుద్దింది. ఆ తర్వాత దాన్ని తీసి నా భుజం మీద వేసింది! పంజాగుట్ట చౌరస్తాలో ఆటోలన్నీ హారన్ కొడుతుంటే, భుజం మీద స్విమ్మింగ్ పూల్ వేసుకుని, చీరల షాపులో బొమ్మలా నిలబడ్డాను.

"నీ రంగుకు మంచిగనే ఉన్నది గని, నీళ్లకెట్ల ఉంటదో" అంది అవ్వ. నల్లది చూపిస్తే "అమాస లెక్కున్నది. గండ్ల ఎవలు దిగుతరు?" అంది. తెల్లది చూపిస్తే మూతి తిప్పింది. గులకరాళ్ల ప్లాస్టర్‌ను తడిమి "గిది కాళ్లు రుద్దుకునే రాయి" అని పక్కన పెట్టేసింది. చివరికి ఆకాశం రంగు గాజు బిళ్లల పలక ఒకటి, ఆకుపచ్చ, పసుపు రంగుల ముక్కలు కొన్ని ఇంటికి తీసుకెళ్తానంది. కస్టమరు నమూనా ఇంటికి పట్టుకెళ్తే సగం బేరం అయినట్టేనని ఫికరన్న చెప్పి ఉన్నాడు. ఆ సాయంత్రం హాస్టల్లో నా వంతు చాయ్‌తో పాటు రూమ్మేట్లకు మిర్చీ బజ్జీలు కూడా తినిపించాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్. అవ్వ గొంతు. "నువ్వు జల్ది రా. నీ సరుకు ఊడిపోయింది."

ఆటోలో కూర్చుని అమీర్‌పేట నుంచి శ్రీనగర్ కాలనీ దాకా బీఈడీ ప్రవేశ పరీక్షకు ఏ సబ్జెక్టు తీసుకోవాలా అని ఆలోచించాను. వెళ్లేసరికి వంటింటి వెనక బకెట్ ముందు అవ్వ పీట వేసుకుని కూర్చుని ఉంది. బకెట్ అడుగున గాజు బిళ్లలన్నీ పప్పుబద్దల్లా చెదిరి ఉన్నాయి. పైన కాగితం తేలుతోంది. విషయం ఏమిటంటే, కొత్త చీర కట్టేముందు ఉప్పునీళ్లలో నానబెట్టి రంగు పోతుందేమో చూసుకోవడం వాళ్లింట్లో తరతరాల అలవాటు. అవ్వ మా పలకను కూడా గుప్పెడు ఉప్పు వేసి రాత్రంతా నానబెట్టింది.

"రంగు పోలే. గది ఒప్పుకుంట. గని ఒక్క తడుపుకే పోగు పోగు విడిపోయింది. గిసొంటిది మా దుకాణంల అమ్మితే మనిషి మళ్ల మెట్లెక్కదు" అంది అవ్వ. వెనక నిలబడ్డ షాపు సారు నావైపు చూడకుండా ఫోన్‌లో వేరే షోరూము నంబరు వెతుకుతున్నాడు. నీళ్లలో ఉండాల్సిన వస్తువు నీళ్లలో పెడితే విడిపోవడం ఏమిటో నాకూ తెలియదు. పక్కకెళ్లి ఫికరన్నకు ఫోన్ చేశాను. ఆయన నవ్వడం మొదలుపెట్టి ఎంతకీ ఆపడే!

"ఊడాలెనే తల్లీ! గా కాగితం బిళ్లలను పట్టుకునేందుకే. గోడకు బిళ్లలు అతికినంక నీళ్లు కొట్టి కాగితం తీసేస్తరు. నీకు చెప్పలేదా నేను?"

చెప్పలేదు. వెనక్కి వచ్చి అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పేశాను, ఈ సంగతి నాక్కూడా ఇప్పుడే తెలిసిందని సహా. అవ్వ నన్ను కాసేపు పరీక్షగా చూసింది. "అమ్మేదానికి నీకే తెల్వదా?" అని పకపకా నవ్వింది. ఎందుకో ఆ నవ్వుతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ అబద్ధం చెప్పే అమ్మకందార్లను జీవితమంతా చూసి ఉంటుంది, తెలియదని చెప్పేదాన్ని చూడటం అదే మొదటిసారి అయ్యుండాలి.

షాపు సారు షాపుకు వెళ్లిపోయాడు గాని నేను వెళ్లలేదు. బిళ్లలు ఏరి ఇవ్వాలి కదా! అవ్వ పెద్ద ఇత్తడి తాంబాళం తెప్పించి అందులో నీళ్లు పోసింది. ఏరిన బిళ్లలను ఊరికే అందులో వేస్తూ వేస్తూ వరసగా పేర్చడం మొదలుపెట్టింది. నడుమంతా ఆకాశం రంగు, చుట్టూ ఆకుపచ్చ, మధ్యలో సన్నగా పసుపు గీత. ఒక కొసన ఆకుపచ్చలో పసుపు ముక్కలతో గుండ్రటి రుద్రాక్షలు. నీళ్లు కదిలితే ఆ రుద్రాక్షలు కదులుతున్నాయి. నేను చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నం అక్కడే తిన్నాను. (పచ్చిపులుసు. హాస్టల్లో అలాంటిది కలలో కూడా దొరకదు.) సాయంత్రానికి తాంబాళంలో ఒక చీర తయారైంది.

"గిట్ల వేస్తరా? గిది అంచు. గిది కొంగు" అని అడిగింది.

అప్పుడే ఇంటికొచ్చిన షాపు సారు చూసి తల పట్టుకున్నాడు. "అమ్మా, అది చీరె కాదే, స్విమ్మింగ్ పూలు!"

"నాకు ఎర్కలేదా? చీరె అయితే నీ దుకాణంలనే తీసుకుందును."

కొంగు ఎటువైపు రావాలన్నది పెద్ద చర్చే అయింది. ఎదురుగా కనబడని కొంగు కొంగే కాదని అవ్వ వాదన. హాల్లోంచి చూస్తే ఎదురుగా కనబడేవి పూల్‌లోకి దిగే వెడల్పాటి మెట్లు. సరే, కొంగు మెట్ల మీదే. నేను తలూపాను, ఫికరన్న తలూపాడు, బోరబండ నుంచి వచ్చిన మేస్త్రీ అయితే సుత్తి పక్కన పెట్టి "జిందగీల ఇసొంటి పని చెయ్యలే, మస్తుగుంటది అవ్వా" అన్నాడు. పని అయిపోయే సరికి నాకు పూల్స్ గురించి కంటే చీరల గురించే ఎక్కువ తెలిసింది.

నీళ్లు నింపిన రోజు. కొబ్బరికాయ కొట్టారు, పసుపు కుంకుమ చల్లారు, నాలుగిళ్ల ఆడవాళ్లు వచ్చారు. ఫికరన్న ఇస్త్రీ చొక్కాలో వచ్చి, కస్టమరు ఖుషీ అయ్యే ఘట్టం చూడటానికి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎండ పడి నీలమంతా మిలమిలా మెరుస్తోంది. అంచు అలల్లో వంకర్లు పోతోంది. అందరూ "అబ్బ" అన్నారు. కోడలు చెయ్యి పట్టుకుని అవ్వ మొదటి మెట్టు దాకా వచ్చింది. కాలు ఎత్తింది. దించలేదు.

"కొంగు తొక్కుతనా?" అంది.

షాపు సారు గొంతు కీచుమంది. "నువ్వే పెట్టించినవ్ గదనే అమ్మా!"

"పెట్టేటప్పుడు కన్ను చూసింది, చెయ్యి చేసింది. కాళ్లు యాదికి రాలే" అని అవ్వ కాలు వెనక్కి తీసుకుంది. "బట్ట కాలికి తగిల్తె కండ్లకద్దుకునేటోళ్లం. పుట్టినకాడికెంచి నేసి, ఇప్పుడు పొద్దున్నొక్కపారి, మాపటికొక్కపారి కొంగు తొక్కాల్నా? నాతోని కాదు."

మెట్లు పగలగొట్టి తెల్ల ప్లాస్టర్ వేయిద్దామని ఒకరు, మొత్తం నలుపు చేయిస్తే పీడ పోతుందని షాపు సారు. ఫికరన్న మెల్లగా నా పక్కకొచ్చి చెవిలో "ఫికర్ చెయ్యకు" అన్నాడు. అయిపోయింది. నా హాస్టల్ మంచం నా కళ్లముందే వేరే అమ్మాయికి ఇచ్చేశారు.

ఆ తర్వాత చేసింది ఆలోచించి చేశానని చెప్పుకోవడానికి బాగుంటుంది గాని నిజం కాదు. చెప్పులు విడిచి, ఉన్న ఒక్క మంచి చుడీదార్‌తో మెట్లు దిగి నడుంలోతు నీళ్లలో నిలబడ్డాను. ఎందుకు దిగానో నాకే తెలియదు. దిగాక వెనక్కి తిరిగి చూస్తే, ఆకుపచ్చ అంచు నా చుట్టూ తిరిగి వచ్చింది. రుద్రాక్షల కొంగు నా ముందు పరుచుకుని ఉంది. నా నడుం దాకా నీలమే.

"అవ్వా, పైనుంచి చూస్తే తొక్కినట్టున్నది. లోపలికొచ్చి చూడు. తొక్కుతున్న అనుకోకు, కట్టుకుంటున్న అనుకో" అన్నాను.

అవ్వ కర్ర మీద రెండు చేతులూ ఆనించి నన్ను కింది నుంచి పై దాకా చూసింది, పంజాగుట్ట రోడ్డు మీద చూసినట్టే. ఆ తర్వాత ఆమె ముఖంలోకి మెల్లగా ఒక నవ్వు వచ్చింది. "ఇన్నేండ్లు గుంట మగ్గంల కాళ్లు పెట్టి చీరెలు నేసిన. ఇప్పుడు చీరెల కాళ్లు పెట్టుమంటున్నవా!" అంది. వంగి, వేళ్లతో నీళ్లు తాకి కళ్లకద్దుకుంది. నా చెయ్యి పట్టుకుని ఒక మెట్టు, ఇంకో మెట్టు దిగింది. చీర కుచ్చిళ్లు నీళ్లలో తేలాయి. నడుంలోతుకు వచ్చాక కళ్లు మూసుకుని నిలబడింది. మోకాళ్ల మీద బరువు తేలిపోయి ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా ఆ ముఖంలో ఉన్న ముడత ఒకటి నా కళ్లముందే విప్పుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఎలాగూ తడిసే ఉన్నాను కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అవ్వ కళ్లు తెరిచి గట్టు మీదున్న ఫికరన్నను పిలిచింది. "నీళ్లు మస్తుగున్నయ్. నువ్వు సుత దిగుతవా బిడ్డా?" ఆయన ఇస్త్రీ చొక్కా సర్దుకుంటూ రెండడుగులు వెనక్కి వేశాడు. బయటికి వచ్చాక నాతో "సోమవారం నుంచి నువ్వు పర్మినెంటు. గని ప్రతి కస్టమరుకు గిట్ల దిగుడు మన సర్వీసుల లేదు, యాదుంచుకో" అన్నాడు. నీళ్లు కారుతూ ఆటో ఎక్కితే, ఎర్రటి ఎండలో ఆటో అన్న అద్దంలోంచి చూసి "అక్కా, వాన గీ గల్లీలనే పడ్డదా?" అని అడిగాడు. అవునన్నాను.

ఇప్పుడు నాకింద నలుగురు పనిచేస్తారు. నమూనాలను నీళ్ల తొట్టెలో పెట్టి చూపిస్తాను, కాగితం ఎందుకు ఊడుతుందో అడక్కముందే చెప్తాను, సైటుకు వెళ్తే గట్టు మీదే నిలబడతాను. మంచి బూట్లు కదా. అవ్వ ఇంకా రోజూ పొద్దున్నే దిగుతోంది. అప్పుడప్పుడు ఫోన్ చేసి "ఓ పిల్లా, మళ్లెప్పుడు తడుస్తవ్?" అంటుంది. "మీటింగులున్నయవ్వా, వచ్చేవారం తప్పకుండ వస్త" అంటాను. పెట్టేశాక, చెప్పులు విడిచి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నీళ్లలోకి దిగిపోయిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ పిల్లకు మీటింగులు ఉండేవి కావు.