ఓబక్క మూడో రంగం

మంగళవాడ బైలప్పకు కరువే అన్నం పెట్టింది. ఆయన ముందు అంటే నొచ్చుకునేవాడు గానీ అబద్ధం కాదు. మహారాజుల కాలంలో పావగడ తాలూకాలో వానలు బాగా పడిన ఏడాది నాటకాల మేష్టరు మొహం చూసేదెవరు? వాన మొహం చాటేస్తేనే పిలుపు. నాటకం ఆడిస్తే దేవుడు కరుణిస్తాడని జనం నమ్మకం.

మనిషిని పాత్రగా మలచడంలో ఆయనకు ఆయనే సాటి. వేషం ఇవ్వబోయేవాడి వెంట పది రోజులు చేలో తిరిగేవాడు. పిల్లకు పాలివ్వని గొర్రెను కాపరి దాసన్న బుజ్జగించిన తీరు చూసి, తల్లి వేషం వాడిదేనని తేల్చేశాడు. నేను ఆయన నాటకాలకు మద్దెల వాయించేవాణ్ణి కాబట్టి, ఇదంతా దగ్గరుండి చూశాను.

రాజులతో, దేవుళ్లతో ముప్పై ఏళ్లు గడిపాక సొంతంగా ఒక నాటకం రాసుకున్నాడు. అందులో కిరీటాలు లేవు, ఆయన తల్లి ఓబక్క ఉంది. వెనకటి కరువులో అయిదేళ్ల బైలప్పను అవ్వ దగ్గర ఉంచి, ఆమె కాఫీ తోటల కూలికి పోయింది. బిడ్డను విడిచిన పాపిష్టిదని ఊరు తిట్టింది. రెండేళ్లకు రాగుల మూటతో తిరిగొచ్చినా, చచ్చేదాకా ఆ పేరు పోలేదు. ఆ మచ్చ తుడవాలనే ఈ నాటకం. రెండో రంగంలో తల్లి కూలికి వెళ్లిపోతుంది, మూడో రంగంలో తిరిగొస్తుంది.

కాళ్లావేళ్లా పడితే 1939లో బలసముద్రం పెద్దలు ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం ఓబక్క వేషంలో దాసన్న బిడ్డను దించి, వెనక్కి చూడకుండా నడిచాడు. అప్పుడే ఉరిమింది. కుండపోత. జనం బైలప్పను భుజాలకెత్తుకున్నారు. మూడో రంగం సంగతి అడిగే నాథుడే లేడు.

ఆ తర్వాత ఏ ఊరికైనా ఓబక్క నాటకమే కావాలి, అదీ రెండో రంగం దాకానే. వాన వచ్చిన చోటు దాటకూడదట. వెర్రి వెయ్యి విధాలు. ఒక ఊళ్లో బైలప్ప ఊరిపెద్ద సోమప్ప చేతులు పట్టుకున్నాడు.

"ఒక్కసారి మాయమ్మను ఇంటికి రానీప్పా."

"ఆయమ్మ వచ్చిందంటే వాన ఎనక్కి పోతాదప్పా. బిడ్డ ఏడుపుకే గదా దేవుడు కరిగినాడు."

ఆడించనంటే ఎండిన చేలు చూపించేవారు. ఆయన ఏం చేయగలడు? ఒక ఊరు తిట్టిన తల్లిని ఇప్పుడు తాలూకా అంతా తిట్టింది. తిట్టించింది కొడుకే. నాకు ఒళ్లు మండేది, మద్దెల మాత్రం వాయించేవాణ్ణి.

1946 ఎండాకాలంలో వెంకటమ్మనహళ్లిలో ఆఖరిసారి ఆడించాడు. దాసన్న బిడ్డను దించి నడవగానే, ముందు కూర్చున్న ముసలి హొన్నూరమ్మ మెటికలు విరిచింది.

"పాపిష్టిది, బిడ్డను ఇడ్సి పోతాండాది."

బైలప్ప హార్మోనియం ఆపి ఆమె వైపు వంగాడు.

"వస్తాదమ్మా. మాయమ్మ వస్తాది."

అప్పటికే తెర దించేశారు.