మొండికేసే కారు, పొల్లు మేడమ్

కోర్టులో స్టెనోగ్రాఫరుగా ఇరవై రెండేళ్ల సర్వీసు ఆమెది. జడ్జిగారు ఎంత వేగంగా చెప్పినా, లాయర్లు ఒకరి మీద ఒకరు పడి అరిచినా, పొల్లు పోకుండా రాసుకోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అందుకే అందరూ ఆమెను పొల్లు మేడమ్ అనేవారు. అసలు పేరుతో పిలిస్తే ఒక క్షణం ఆలస్యంగా తలెత్తేది.

నలభై ఆరో ఏట ఆమె కారు కొనుక్కుంది. భర్తకు కళ్లద్దాల కొట్టుంది. ఊళ్లో సగం మందికి చూపు సరిచేసిన ఆ మనిషికి స్టీరింగు పట్టుకుంటే మాత్రం కళ్లు బైర్లు కమ్ముతాయి. కాబట్టి డ్రైవింగు ఆమెదే. వెనక సీటు అత్తగారిది. మోకాళ్ల నొప్పులకు ఆవిడ వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లాలి. కోర్టు నుంచి రాగానే కోడలే తీసుకెళ్లేది.

ఎండలు ముదిరిన ఒక సాయంత్రం ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఇంజను ఆగిపోయింది. దగ్గలేదు, తుమ్మలేదు. ఊరికే ఆగిపోయింది. స్టీరింగు రాయిలా బిగుసుకుంది. బండి వెనక్కి జారబోతే ఆమె బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. వెనక బస్సు కీచుమంటూ జానెడు దూరంలో ఆగింది. ఆ తర్వాత హారన్లు మొదలయ్యాయి.

"అమ్మాయీ, వచ్చేశామా?" అని అడిగారు అత్తగారు.

"లేదత్తయ్యా. కారు ఆగిపోయింది."

"మరి ఆ బస్సువాడికి అంత కోపమెందుకు? మనమేమైనా సరదాకి ఆగామా?"

పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతుంటే అప్పుడు తెలిసొచ్చింది ఆమెకు. జానెడు! ఆ బస్సు బ్రేకులు కూడా అదే సమయానికి అలిగి ఉంటే? కత్తి పక్కన పెట్టి కాసేపు కుర్చీలో కూర్చుంది. భర్త వచ్చి మిగతావి తరిగాడు.

సర్వీసు సెంటర్లో కారును రెండు రోజులు ఉంచుకున్నారు. కడిగి, తుడిచి, సెంటు కొట్టి ఇచ్చారు. "కంప్యూటర్ పెట్టి చూశాం మేడమ్. ఏ లోపమూ లేదు" అన్నాడు టై కట్టుకున్న మేనేజరు. వారం తిరక్కుండా కూడలి మధ్యలో మళ్లీ ఆగింది. మళ్లీ కడిగిచ్చారు. ఇంకో పది రోజులకు ఇంకోసారి ఆగింది. మూడోసారి వెళ్లినప్పుడు మేనేజరు గొంతు తగ్గించి, ఇంట్లో మనిషిలా చెప్పాడు:

"ఏమనుకోకండి మేడమ్. లేడీస్ చాలామంది క్లచ్ తొందరగా వదిలేస్తారు. అందుకే ఆగిపోతుంటుంది. కాస్త ప్రాక్టీసు చేయండి."

ఆమె చేయి అలవాటుగా ప్యాడు మీద షార్ట్‌హ్యాండులో రాసేసింది. రాసింది పొల్లు పోకుండా పైకి చదివి, "ఇదే కదా మీరన్నది? మార్పులేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

"లేవు మేడమ్."

"నాది ఆటోమేటిక్ బండి. దీనికి క్లచ్ పెడలే లేదు. కింద సంతకం పెడతారా?"

మేనేజరు టై సర్దుకున్నాడు. వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ రోజుకు అదే లాభం. కారు మాత్రం మళ్లీ కడిగే ఇచ్చారు.

నాలుగోసారి సిగ్నలు దగ్గర ఆగింది. ఈసారి అత్తగారు ఊరుకోలేదు. మోకాళ్లు పట్టుకుంటూ దిగి, గొడుగు చాపి, వచ్చే బళ్లన్నిటినీ పక్కకు మళ్లించడం మొదలుపెట్టారు. లారీ డ్రైవరొకడు బుద్ధిగా మాట విన్నాడు. కొంచెం ముందు అదే రకం కారు ఇంకోటి ఆగి ఉంది. దాని బానెట్ ఎత్తి, ఒకాయన లోపలికి తొంగి చూస్తున్నాడు. ఇదేం వింతో అనుకుని పొల్లు మేడమ్ దగ్గరకెళ్లింది.

ఆయన పశువుల డాక్టరు. "మీదీ ఆగిందా? నాదిది మూడోసారి" అన్నాడు. ఆపైన కారును వదిలేసి ఆమెను ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు. "నా రోగులెవరూ ఎక్కడ నొప్పో నోరు విప్పి చెప్పరు మేడమ్. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పట్నుంచి అని నేనే కూపీ లాగాలి. మీ బండిలో పెట్రోలెంతుంది?"

"పావు ట్యాంకు కూడా లేదు."

"నాదీ అంతే. బయల్దేరి ఎంతసేపైంది?"

"నలభై నిమిషాలు. అంతా ఈ నత్తనడకే."

ఆమె సంచిలోంచి ప్యాడు తీసింది. ఇదివరకటి మూడుసార్లూ ఎప్పుడు, ఎక్కడ, ఎలా ఆగిందో అందులో ఉంది. ప్రతిసారీ ఎండ, ప్రతిసారీ రద్దీ, ప్రతిసారీ అడుగంటిన పెట్రోలు. సర్వీసు సెంటరు వాళ్లేమో పొద్దున చల్లటి పూట ఖాళీ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి బాగుందంటారు.

"జ్వరం దిగాక థర్మామీటరు పెట్టినట్టుంది" అన్నాడు డాక్టరు.

మర్నాటి సాయంత్రం ఇద్దరూ సర్వీసు సెంటరుకెళ్లారు. పావు ట్యాంకుతో, ఎండలో, రద్దీలో ఆమె కారును మేనేజరే నడపాలని పట్టుబట్టారు. డాక్టరు తన పాత స్కూటరు మీద హెల్మెటు పెట్టుకుని వెనకాల కాపలాగా వచ్చాడు. అత్తగారు ఎవరూ పిలవకుండానే వెనక సీట్లో కూర్చున్నారు. మేనేజరు అరగంటసేపు కారు గొప్పతనం గురించి హుషారుగా చెప్పాడు. ముప్ఫై ఎనిమిదో నిమిషంలో ఇంజను ఆగింది.

ఆయన తాళం రెండుసార్లు తిప్పి చూశాడు. "మేడమ్... ఆగిపోయింది."

"రాసుకున్నాను."

"బాబూ, క్లచ్ కాస్త నెమ్మదిగా వదలాల్సింది" అన్నారు అత్తగారు.

వెనక లారీ హారను కొడుతూనే ఉంది. మేనేజరు చెమటలు కక్కుతూ కారును పక్కకు తోశాడు. ఊపిరి అందుకోగానే ఫోను తీశాడు. కంపెనీకి చేస్తాడేమో అనుకుంది పొల్లు మేడమ్. కాదు, భార్యకు చేశాడు. "ఇవాళ కారు తీయకు. పాపను ఆటోలో తీసుకురా. ఎందుకో వచ్చి చెప్తాను" అన్నాడు. వాళ్లింట్లోదీ అదే రకం కారట. ఆ గొంతు విన్నాక ఆమెకు ఆయన మీదున్న కోపం సగం చల్లారింది. నీళ్ల సీసా తీసి ఇచ్చింది.

కంపెనీకి రిపోర్టు మేనేజరే రాశాడు, ఏమీ దాచకుండా. కంపెనీ ఇంజనీర్లు వచ్చి ట్యాంకు విప్పారు. పెట్రోలు తగ్గినప్పుడు లోపలి పంపు వేడెక్కి చేతులెత్తేస్తోందని తేలింది. రెండు నెలల్లో ఆ రకం కార్లున్న వాళ్లందరికీ ఉత్తరాలు వచ్చాయి. అందరికీ పంపులు ఉచితంగా మార్చారు.

కారుకు నయమైంది కానీ, పొల్లు మేడమ్‌కు వెంటనే నయం కాలేదు. ఇంజను శబ్దం కాస్త తగ్గినా ఆమె కాలు బ్రేకు మీదికి వెళ్లేది. ఎడమ అంచు వదలకుండా, అద్దంలోకి పదే పదే చూసుకుంటూ నడిపేది.

ఒక ఆదివారం అత్తగారు చెప్పులేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మాయీ, నాకూ కారు నేర్పు. మోకాళ్లకు మంచిదని డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరమ్మా?" అన్నాడు కొడుకు కంగారుగా.

"పశువుల డాక్టరు."

ఊరి చివర ఖాళీ మైదానంలో ఆవిడ స్టీరింగు పట్టుకున్నారు. కోడలు పక్కన కూర్చుంది, కొడుకు వెనకాల కళ్లు మూసుకున్నాడు. కారు నడిచే మనిషి కన్నా నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో అత్తగారు హారను కనిపెట్టి, ఎదురుగా ఎవరూ లేకపోయినా గట్టిగా మోగించారు. పొల్లు మేడమ్ పకపకా నవ్వింది. ఆ తర్వాత తిరిగిన మూడు చుట్లలో ఆమె ఒక్కసారి కూడా అద్దంలోకి చూడలేదు.