సంగీతం గదిలో శనక్కాయ మూటలు

తప్పుగా పాడిన పిల్లలను మా ఆళ్లగడ్డ హైస్కూలు సంగీతం అయ్యవారు ఎన్నడూ తిట్టలేదు. కళ్లు మూసుకొని, చూపుడువేలు పైకెత్తి, "మళ్లా మొదట్నుంచి" అనేవారు. అంత మెత్తని మనిషి.

ఒక ఏడు బడి కమిటీ ప్రెసిడెంటు ఆయన గదిని తన శనక్కాయ మూటలతో నింపేశాడు. ఆ గదిని మా తాత సంగీతం పాఠాల కోసమే బడికి కట్టించి ఇచ్చాడు. మా భూములు పోయాయి గాని, ఆ గది పాటకేనన్న మా తాత మాట పోలేదు. అడగడానికి నేనే పోయాను.

"మీ కాలం అయిపాయ గదప్పా, ఇంగా పెత్తనమేంది?" అని నవ్వాడు ప్రెసిడెంటు.

గది లేదు కాబట్టి సంగీతం పీరియడే తీసేస్తానన్నాడు హెడ్మాస్టరు. ఈనాటికీ ఆ మాటకు నా ఒళ్లు మండుతుంది.

అయ్యవారు నంద్యాల పోయి, చుట్టుపక్కల బడుల సంగీతం టీచర్ల సంఘంలో చెప్పుకున్నారు. సోమవారం వాళ్లంతా తంబురా, మృదంగాలతో బస్సు దిగి, హెడ్మాస్టరు గది ముందరే పిల్లలను కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టారు.

"ఏందిది? బడా, భజన మందిరమా?" అన్నాడు హెడ్మాస్టరు.

"గదిలో మూటలుండాయి సార్. యాడ కూచోమంటారో మీరే చెప్పండి" అంది శిరివెళ్ల బడి టీచరమ్మ.

ప్రెసిడెంటు ఉరుకున వచ్చి "ఆపండి!" అని అరిచాడు. పిల్లలు బిక్కచచ్చి ఆగిపోయారు. అయ్యవారు కళ్లు మూసుకున్నారు. వేలు పైకి లేచింది.

"మళ్లా మొదట్నుంచి."

బడి వదిలే దాకా పాట ఆగలేదు. ఆ సాయంత్రమే మూటలు బండ్లెక్కాయి. తప్పయిందని మాత్రం ఒక్కడూ అనలేదు. అయ్యవారితోనూ అనలేదు, గది గోడకున్న మా తాత పేరు చెక్కిన రాయి ముందరా అనలేదు.