మోకాళ్ల మీద కరుణ

కరుణ పగ గురించి చెప్పాలంటే ముందు వాళ్ల నాయనమ్మ గురించి చెప్పాలి. రాములవ్వది జనగామ దిక్కు పల్లె. దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకోవాల్సిన రోజుల్లో, కాళ్లకు చెప్పులతోనే నడిచి దెబ్బలు తిన్న మనిషి. ఆ మచ్చ ఎడమ భుజం మీద చివరిదాకా ఉంది. పిల్లలు అడిగితే కొంగు జరిపి చూపించి, "ఒంగలే బిడ్డా" అనేది. అంతకు మించి ఆ కథ చెప్పేది కాదు.

ఆ ఇంట్లోంచి యూనివర్సిటీకి వచ్చిన మొదటి పిల్ల కరుణ. ఎం.ఏ. హిస్టరీ. లేడీస్ హాస్టల్లో ఆమె రూమ్మేటు గ్లోరీ, తెనాలి అమ్మాయి, వాళ్ల నాన్న చర్చిలో పాస్టరు. ఇద్దరికీ మాటల దగ్గర్నుంచి పచ్చళ్ల దాకా దేంట్లోనూ కుదరదు. అయినా ఒక కంచంలో తినేవాళ్లు. గ్లోరీ ఖాళీగా ఉంటే కొక్కెం సూదితో లేసు అల్లేది. కరుణకు నేర్పబోయేది కూడా.

"ఏం లేదే, దారాన్ని ఉంగరం చుట్టి అందులోంచి ఇంకో ఉంగరం లాగడమే. అది పట్టుబడితే దుప్పటంత అల్లేయొచ్చు."

"నాతోని కాదు. మా అవ్వ మెలికల ముగ్గే నాకు రాలె, గిదేడ వస్తది," అని కరుణ సూది తిరిగి ఇచ్చేసేది.

2010 ఫిబ్రవరి. తెలంగాణ కోసం క్యాంపస్ అంతా రోడ్ల మీదే ఉంది. ఆ రోజు ఆర్ట్స్ కాలేజీ దగ్గర మొదలైన ఊరేగింపు గేటు దాకా చేరకముందే టియర్ గ్యాస్ పడింది. కరుణ ఊరేగింపులో ఉంది. గ్లోరీ లేదు. గ్లోరీ లైబ్రరీ నుంచి పుస్తకాలు పట్టుకొని హాస్టలుకు వస్తూ ఆ పొగలో చిక్కుకుంది. ఆమెకు ఆస్తమా. దగ్గుతూ దగ్గుతూ రోడ్డు పక్కన కూలిపోయింది. ఉరుకుతున్న పిల్లల వెంట పడిన పోలీసు ఒకాయన ఆమె కూడా రాళ్లేసిన గుంపులోదే అనుకొని లాఠీ ఎత్తాడు.

కరుణ ఉరికి మధ్యలో పడింది. మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ జోడించింది.

"సార్, దండం పెడ్త సార్! దీనికి దమ్మున్నది సార్, సచ్చిపోతది!"

ఆయన గ్లోరీ మొహం చూశాడు. లాఠీ దించాడు. తన నీళ్ల సీసా తీసి కరుణ చేతిలో పెట్టి ముందుకు పోయాడు. జరిగింది ఇంతే.

టీవీలో వచ్చింది వేరు. మధ్యాహ్నం నుంచి ఒక చానల్లో కరుణ ఒక్కతే కనబడింది. మోకాళ్ల మీద పడుతుంది. చేతులు జోడిస్తుంది. తల పైకెత్తి ఏదో అంటుంది. మళ్లీ మోకాళ్ల మీద పడుతుంది. గ్లోరీ లేదు, నీళ్ల సీసా లేదు, మాట కూడా లేదు. వెనక ఏడుపు సంగీతం, కింద పెద్ద అక్షరాలు: "పోలీసులతో కాళ్ల బేరం". నేను ఇంకో చానల్లో ఎడిటర్ని. మా డెస్కుల్లో దీన్నే లూప్ అంటాం. ఒక ముక్క తోక తెచ్చి దాని తలకే అతికిస్తే ఎంతసేపైనా తిరుగుతుంది. ఆ రోజు కరుణ పొద్దుగూకేదాకా తిరిగింది.

ఊళ్లో హోటలు ముందర జనమంతా నిలబడి చూశారు. వాళ్ల నాన్న భీమయ్య ఫోన్ చేసి, "ఏం పని బిడ్డా ఇది?" అన్నాడు. కరుణ చెప్పబోతుంటే రాములవ్వ ఫోన్ గుంజుకుంది.

"అవ్వా, నేను నా కోసం మొక్కలే. గ్లోరీ పడిపోయింది. దాని కోసం..."

"గా పిల్ల ఏది మరి? టీవీల లేదు గద."

"కోసేసిన్రు అవ్వా."

"నా కండ్లతోని చూసిన బిడ్డా. ఇగ నువ్వు చెప్పకు."

సాక్ష్యం చెప్పాల్సిన గ్లోరీని మర్నాడు పొద్దున్నే వాళ్ల నాన్న వచ్చి తెనాలి తీసుకుపోయాడు. హైదరాబాదంటేనే వాళ్లు బెదిరిపోయి ఉన్నారు. ఫోన్ నంబరు కూడా మారింది. ఒక్క కబురు లేదు.

క్యాంపస్‌లో కరుణకు "దండాలక్క" అని పేరు పడింది. జరిగింది చెప్తే ఇంకో తంటా. "ఆంధ్ర పిల్ల కోసం పోలీసోని కాళ్లు మొక్కినవా?" అని ఎదురు ప్రశ్న. దాంతో చెప్పడమే మానేసింది.

ఎండాకాలంలో రాములవ్వ మంచం పట్టింది. కరుణ పోయి పక్కన కూర్చుంటే గోడ వైపు తిరిగి పడుకుంది. జావ తాగించబోతే పక్కింటి లచ్చవ్వను పిలవమంది. అట్లా గోడ వైపు తిరిగే ప్రాణం విడిచింది. దినాల నాడు లచ్చవ్వ ఓదార్పుగానే, "నీ ముచ్చట్నే మనసుల పెట్టుకొని పోయింది బిడ్డా," అన్నది. ఆ మాట విన్నాక కరుణ ఏడుపు ఆగిపోయింది. ఇంక ఏడవలేదు.

హైదరాబాద్ దిగి నేరుగా ఆ చానల్ ఆఫీసుకు పోయింది. ఆ ముక్క కోసిన మనిషి ఎవరని అడిగితే రిసెప్షన్‌లో చెప్పలేదు. మెట్ల మీద కూర్చుంది. చాయ్ తాగడానికి బయటికి వచ్చిన ఎడిటర్ సుధీర్ ఆమెను గుర్తుపట్టాడు. అంతసేపు చూసి కోసిన మొహాన్ని గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటాడు? భీమవరం మనిషి, తార్నాకలో కాపురం, మాటలో నెమ్మది.

"చూడమ్మా, పైనుంచి అట్లా కావాలన్నారు, చేశాం. లూపంటే లూపే. కొత్త విజువల్ వచ్చేదాకా పాతది తిరుగుతూ ఉంటుంది."

"మొత్తం టేపు ఉన్నదా సార్?"

"ఉంటుంది. అయితే ఏంటి? పాత గొడవ ఇప్పుడెవరు చూస్తారు?"

"మా అవ్వ గది చూసే చచ్చిపోయింది."

"టీవీ చూసి ఎవరైనా చచ్చిపోతారా అమ్మా?" అని సుధీర్ నవ్వాడు.

ఎగతాళి నవ్వు కాదది. ఏం అనాలో తోచక నవ్విన నవ్వు. ఈ మాట కరుణే నాతో అన్నది, చాలా ఏళ్ల తర్వాత. కానీ అప్పుడు ఆ నవ్వును కొంగున ముడేసుకొని వచ్చింది.

ఎం.ఏ. అయిపోగానే తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ పైన నడిచే ఎడిటింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. అక్కడే హాస్టల్. సుధీర్ ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. సెలవు దొరికితే తార్నాకలో బస్సెక్కి సికింద్రాబాద్, అక్కణ్నుంచి కాచిగూడ, అంబర్‌పేట, రామంతాపూర్, హబ్సిగూడ మీదుగా బస్సులు మారుతూ మళ్లీ తార్నాకకే వచ్చేది. పనేమీ లేదు. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి ఆయన సందు మొగన నడిచేది. తెల్ల కారు ఎప్పుడు బయటికి తీస్తాడో, బాల్కనీలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చునే ముసలామె ఆయన తల్లి శ్యామలాంబ అనీ, ఆదివారం ఆమెను చర్చికి తీసుకుపోతాడనీ, అన్నీ తెలుసుకుంది. ఏం చేయాలో మాత్రం తెలియదు. కారు అద్దం పగలగొడదామనుకుంది ఒకసారి. రాయి కూడా ఏరుకుంది. అద్దం మర్నాటికి కొత్తది వస్తుంది కదా అని పారేసింది.

ఆ సంవత్సరం బతుకమ్మకు పాత స్నేహితులు పిలిస్తే క్యాంపస్‌కు పోయింది. ఆడవాళ్లంతా చుట్టూ తిరుగుతూ చప్పట్లు చరుస్తున్నారు. కరుణ వంగి చప్పట్లు చరిచేసరికి వెనక నుంచి ఎవరో, "దండాలక్క మళ్ల ఒంగింది చూడే," అన్నారు. వలయమంతా నవ్వింది. ఆమె బయటికి వచ్చేసింది. అప్పుడే నిర్ణయించుకుంది, తనకు ఏం చేశాడో ఆయనకూ సరిగ్గా అదే చేయాలని.

2011లో మా చానల్లో ట్రైనీగా చేరింది. పక్క సిస్టమ్ నాదే. పని చకచకా నేర్చుకుంది. ఎవరితోనూ కలిసేది కాదు.

ఆ శరత్కాలమే సకల జనుల సమ్మె. బస్సులు లేవు, బడులు లేవు. ఒక పొద్దున తార్నాక చౌరస్తాలో రాస్తారోకో జరుగుతుంటే కరుణ ఫోన్ పట్టుకొని డివైడర్ మీద నిలబడింది. ఆఫీసుకు రెండు ముక్కలు తీసుకుపోదామని. అప్పుడు తెల్ల కారు వచ్చింది. నంబరు పశ్చిమ గోదావరిది. గుంపు చుట్టుముట్టింది. ఎవరో బానెట్ మీద గుద్దారు. సుధీర్ దిగాడు.

"జై తెలంగాణ అను!"

అన్నాడు.

"వినవడలే! మళ్ల అను!"

మళ్లీ అన్నాడు. అయినా దారి ఇవ్వలేదు. అప్పుడాయన రోడ్డు మీద మోకరించి చేతులు జోడించాడు.

"బాబూ, మా అమ్మకు ఊపిరాడట్లేదు. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. మీకు దండం పెడతాను, వదిలేయండి."

కరుణకు ప్రతి మాటా వినబడింది. వెనక సీట్లో శ్యామలాంబ అద్దానికి నుదురు ఆనించి నోరు తెరుచుకొని గాలి పీల్చుకోవడం కనబడింది. గుంపులో సగం మంది క్యాంపస్ వాళ్లే. "అన్నా, ఇడ్వుండ్రి, ముసలామె ఉన్నది," అని ఒక్క కేక వేస్తే దారి వచ్చేది. కేక గొంతు దాకా వచ్చింది. మింగేసింది. ఫోన్ కదలకుండా రెండో చేత్తో మణికట్టు పట్టుకుంది. కాసేపటికి వాళ్లలోనే ఒక పెద్దాయన కారులోకి తొంగిచూసి, అందర్నీ తిట్టి జరిపించాడు. కారు పోయింది.

మధ్యాహ్నానికల్లా కరుణ సిస్టమ్ ముందు ఉంది. మోకాలు రోడ్డుకు తగిలే చోట మొదలుపెట్టింది. ఆయన తల కారు వైపు తిప్పబోయే చోట కోసింది. కారు కనబడినంత మేరా ఫ్రేమ్ కత్తిరించింది. మాట తీసేసింది. కింద ఏం రాయాలని అడిగితే, తడుముకోకుండా "కాళ్ల బేరం" అన్నది.

"మొత్తం ముక్క ఉందా?" అని అడిగాను నేను.

"గింతే," అన్నది. నేను చూస్తుండగానే సిస్టమ్‌లోనూ, ఫోన్‌లోనూ మిగతాది చెరిపేసింది.

సాయంత్రం దాకా తిరిగింది. మోకరిస్తాడు, చేతులు జోడిస్తాడు, మళ్లీ మోకరిస్తాడు. కరుణ మానిటర్ ముందు టిఫిన్ డబ్బా తెరిచి నిదానంగా, మెతుకు మిగలకుండా తిన్నది. ఆ పిల్ల కడుపు నిండా తినగా చూడటం నాకు అదే మొదలు.

సుధీర్ ఆఫీసులో ఆయన్ను చూడగానే చేతులు జోడించి నవ్వేవాళ్లట. కొన్నాళ్లు సెలవు పెట్టాడు, తర్వాత ఉద్యోగమే మానేశాడు. ఆ వార్త విన్న రోజు కరుణ మా అందరికీ మిఠాయి పంచింది. కారణం చెప్పలేదు.

చాలా నెలలకు సుధీర్ ఆమెకు ఫోన్ చేశాడు. తార్నాకలో ఒక ఇరానీ హోటల్లో కలుద్దామన్నాడు. ఆయన చిక్కిపోయి ఉన్నాడు. చాయ్ రాగానే జేబులోంచి చిన్న క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నీ టేపు. మొత్తం. ఆ పడిపోయిన అమ్మాయి, నీళ్ల సీసా, నీ మాట, అన్నీ ఉన్నాయి. టీవీలో నా కింద కూడా అదే మాట, కాళ్ల బేరమని చూడగానే, కోసింది నువ్వేనని తెలిసింది నాకు. తప్పు నాది ముందు. నాది నాకిచ్చెయ్యమ్మా. మా అమ్మను ఎక్కడ కోసేశావో అక్కణ్నుంచి కావాలి."

"లేదు."

"లేకపోవడమేంటి?"

"చెరిపేసిన."

"ఎందుకు?"

"ఉంటె ఎప్పుడన్న జాలి పుడ్తదని."

సుధీర్ చాయ్ కప్పు పక్కకు జరిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మా అమ్మకు టేపు అక్కర్లేదులే. కారులోనే ఉందిగా. చర్చిలో తనే అందరికీ చెప్పుకుంది, మా వాడు నా కోసం నడిరోడ్డు మీద మోకరించాడని. ఆఫీసు వాళ్లకు చూపిద్దామని అడిగాను, అంతే."

కరుణ క్యాసెట్ వైపు చెయ్యి చాపింది. అంతకన్నా ముందే ఆయన అందుకున్నాడు. మూత పైకి లేపి, లోపలి రిబ్బను వేలితో బయటికి లాగాడు. లాగుతూనే ఉన్నాడు. నల్లటి రిబ్బను చుట్టలు చుట్టలుగా సాసర్ల మధ్య పడుతోంది. కరుణ ఆయన మణికట్టు పట్టుకుంది గానీ అప్పటికే రిబ్బను పుటుక్కున తెగింది.

"సారీ చెప్దామనే వచ్చాను," అన్నాడు లేస్తూ. "ఇప్పుడు నోటికి రావట్లేదు."

వెయిటరు వచ్చి, "తీసెయ్యాల్నా మేడం?" అని అడిగాడు.

"తీసెయ్," అన్నది కరుణ.

ఇదంతా ఆమె నాకు చెప్పింది రాష్ట్రం వచ్చాక. అప్పటికి ఆమే డెస్క్ ఇంచార్జి. "పగైతే తీరింది గదా?" అన్నాను.

"తీరలే," అన్నది. "వాళ్ల అమ్మకు నిజం తెలుసు."

"ఆయన్ను వదిలెయ్యరాదు ఇప్పటికన్నా?"

"ఆయన నన్ను వదిలేసిండా ఏంది? అడిగి చూడు పో."

నేను అడగలేదు. కానీ పోయిన సంవత్సరం ఇద్దరం తార్నాక కూరగాయల మార్కెట్ ముందు నిలబడి ఉంటే, అటు పక్క నుంచి సుధీర్ వస్తూ కనబడ్డాడు. జుట్టు నెరిసింది. కరుణను చూసి ఆగాడు. చూపు తిప్పుకుంటాడనుకున్నాను. తిప్పుకోలేదు. ఆమే తిప్పుకుంటుందనుకున్నాను. ఆమె కూడా తిప్పుకోలేదు. మధ్యలోంచి ఆటోలు పోతున్నాయి. చివరకు నేనే ఆమె చేతిలోని సంచి అందుకొని, "పోదాం పా," అన్నాను.

"నువ్వు పో," అన్నది కరుణ, ఆయన మీంచి కళ్లు తీయకుండా.