పచ్చకామెర్లు రాని ఏడాది

మా సుధ ఇంటర్వ్యూకు నేను తోడు వెళ్లాల్సిన అవసరం లేదు. ఏడాది పాటు దేశాలు తిరిగొచ్చిన పిల్ల, సామర్లకోట నుంచి హైదరాబాదు వెళ్లలేదా? అయినా బయల్దేరాను. దాన్ని అలా తిరగడానికి పంపింది నేనే. అది మంచిపనో చెడ్డపనో తేలే రోజున ఇంట్లో కూర్చుని పప్పులో రాళ్లేరుకోవడం నా వల్ల కాదు.

సంగతేమిటంటే, డిగ్రీ అయ్యాక తోటి పిల్లలంతా కంప్యూటర్ కోర్సులకని అమీర్‌పేట దారి పట్టారు. మాది మాత్రం కాలేజీ తరఫున ఒక విదేశీ కార్యక్రమానికి ఎంపికైంది. వాళ్లు కుర్రకారును ఓడ మీద దేశదేశాలు తిప్పి, అక్కడి ఇళ్లలో ఉంచి, ఆ ఇంటివాళ్లతో పాటు పనులు చేయిస్తారు. అదీ చదువే, కాకపోతే పరీక్షలుండవు. ఖర్చంతా వాళ్లది, దిగులంతా మాది. మా ఆయన గొణిగారు, బంధువులు బుగ్గలు నొక్కుకున్నారు. నేను "వెళ్లిరావే" అన్నాను. తిరిగొచ్చాక కంప్యూటరూ నేర్చుకుంది. కానీ ఉద్యోగానికి వెళ్లిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న, "ఈ గ్యాప్ ఏమిటి?" అని. రెండు చోట్ల ఆ మాట మీదే వెనక్కి పంపేశారు.

రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. వెళ్లేవాళ్లు ముందుగానే రిజర్వేషను చేయించుకోండి, లేకపోతే తలుపు దగ్గర నిలబడి తెల్లవారాలి. పులిహోర పొట్లాలు విప్పేసరికి ఎదుటి బెర్తు మామ్మగారు మా కథంతా రాబట్టేశారు.

"ఓడలో కడుపులో తిప్పలేదుటే పిల్లా?"

"మొదటి మూడు రోజులూ తిప్పిందండి. తర్వాత ఓడ వాళ్లకే అన్నం చాల్లేదు."

మామ్మగారు నవ్వి నవ్వి పొరబోయి నీళ్లు తాగారు.

పొద్దున్న ఏడు దాటాక సికింద్రాబాదులో దిగాం. స్టేషను బయట ఇడ్లీ తిని, సిటీ బస్సులో మియాపూర్ చేరేసరికి తొమ్మిదయింది. అక్కడ మా తమ్ముడు రవి ఉంటాడు. సర్కారు ఉద్యోగం, సొంత ఫ్లాటు, అందరికీ సలహాలు. కాఫీ చేతికిస్తూనే మొదలుపెట్టాడు.

"గ్యాప్ గురించి అడిగితే పచ్చకామెర్లు వచ్చాయని చెప్పమ్మా సుధా. ఏడాది మంచం పట్టానను. ఎవరూ తప్పు పట్టరు. తిరగడానికి వెళ్లానంటే మాత్రం పెదవి విరుస్తారు."

"బాగుందిరా," అన్నాను. "మంచాన పడితే మర్యాద, ఓడెక్కితే తప్పా? నా కూతురికి లేని జబ్బు తగిలించకు."

"నీ కోపం కాదక్కా, ఉద్యోగం ముఖ్యం. ఇదీ పోతే ఏం చేస్తారు?"

నేను కాఫీ గ్లాసు కడగాలని వంటింట్లోకి లేచాను. సుధ మాత్రం జడ వేసుకుంటూ, "కామెర్ల రంగు మొహం మీదికి ఎక్కణ్ణుంచి తేను మావయ్యా?" అంది.

మియాపూర్ నుంచి మాదాపూర్‌కు ఆటో మాట్లాడుకున్నాం. కొండాపూర్ దాటితే రెండు పక్కలా బండరాళ్లు, ముళ్లపొదలు, మేకలు. ఇక్కడ కంప్యూటర్లా అని నేను అనుమానపడుతుంటే డ్రైవరు వెనక్కి తిరిగి, "ఫికర్ చెయ్యకమ్మా, జర ముందుకు పోతే కొత్తగ కట్టిన గుండ్రటి బిల్డింగ్ కనవడ్తది. దేశమంత గీడికే వస్తున్నరు ఇగ," అన్నాడు, తనే కట్టించినంత ధీమాగా.

నిజంగానే కనపడింది. రాళ్ల మధ్య అద్దాల మేడ! దాని పక్క సందులోనే మేం వెళ్లాల్సిన ఆఫీసు. పదకొండింటికి సుధ లోపలికి వెళ్లింది. నేను చల్లటి గదిలో కొంగు కప్పుకుని, ఎన్ని దేవుళ్లకు దండాలు పెట్టానో నాకే తెలియదు. ఒంటిగంటకు బయటికొచ్చి, భోజనాల తర్వాత పెద్ద మేనేజరుగారు పిలుస్తారంది.

"గ్యాప్ అడిగారా?"

"అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన ఏదో రాసుకున్నాడు."

రిసెప్షను అమ్మాయి మంచిది, ఇద్దరినీ క్యాంటీనుకు పంపింది.

క్యాంటీనులో ఒక బల్ల చుట్టూ సందడిగా ఉంది. మధ్యలో జపాను నుంచి వచ్చిన పెద్దాయన. కళ్లద్దాల కింద నీళ్లు కారుతున్నాయి, చెవులు గోంగూర కారానికి మిరపపళ్లయ్యాయి. వడ్డించే ఆయన పప్పు తెస్తే పెద్దాయన మెల్లగా వద్దన్నాడు. మనలో మొదటి వద్దును ఎవరు లెక్కచేస్తారు? పడింది గరిటెడు. ఆయన తల వంచుకుని మెతుకు మిగలకుండా తిన్నాడు. కంచం ఖాళీ కాగానే మళ్లీ అన్నం. పక్కనున్న ఆఫీసువాళ్లు, "మన తిండి ఎంత నచ్చిందో చూడండి!" అని మురిసిపోతున్నారు. నేనూ మురిశాను, దాచడమెందుకు?

సుధ నా పక్క నుంచి లేచి వెళ్లింది.

"ఆపండి, ఆయనకు కడుపు నిండిపోయింది."

"ఖాళీ అయినంక మళ్ల వెయ్యమన్నరమ్మా సార్లు," అన్నాడు వడ్డించే ఆయన.

"జపానులో నేనున్న ఇళ్లలో వడ్డించింది వదిలేస్తే వండినవాళ్లను చిన్నబుచ్చినట్టండి. మీరు వేసినంతసేపూ ఆయన తింటూనే ఉంటారు."

తర్వాత పెద్దాయనకు వాళ్ల భాషలోనే నాలుగు ముక్కలు చెప్పి, కంచానికి చెయ్యి అడ్డం పెట్టడం, ఒక తెలుగు మాటా నేర్పింది. ఆయన రెండు చేతులూ కంచం మీద పరిచి, ప్రమాణం చేస్తున్నవాడిలా గట్టిగా, "చాలండి!" అన్నాడు. బల్లంతా గొల్లుమంది. ఆయన లేచి నా కూతురికి నడుం వంచి నమస్కారం చేశాడు. సిగ్గు విడిచి పక్కబల్లవాళ్లకు చెప్పాను, "మా అమ్మాయేనండి" అని.

మూడింటికి పెద్ద మేనేజరుగారు పిలిచారు. క్యాంటీనులో ఆ బల్ల చివర కూర్చున్నది ఆయనేనట. గ్యాప్ సంగతి ఎత్తనే లేదట, ప్రోగ్రాములు రాయించి చూశారట. నాలుగున్నరకు ఒకటో తారీఖున చేరమన్నారు. రవికి ఫోను చేస్తే, "కామెర్లు చెప్పిందా?" అన్నాడు. "నీకే వస్తాయి ఫో," అని పెట్టేశాను.

అదే రోజు రాత్రి బండికి తిరుగు ప్రయాణం. సుధ కూర్చున్నచోటే నిద్రపోయింది. ఎదుటి సీటులో ఏలూరు దాకా వెళ్లే మాస్టారొకాయన, పై బెర్తులో ముసుగు తన్ని వాళ్లమ్మాయి. కూతురికి ఇంజనీరింగులో సీటు రాలేదని, హైదరాబాదులో మళ్లీ కోచింగులో చేర్చుదామని తెస్తే అది ససేమిరా అందని దిగులుగా చెప్పారు. నా కథంతా విని, "పోనీలెండి, ఉద్యోగం వచ్చింది కనక ఆ ఏడాది వృథా పోలేదు," అన్నారు.

"రాకపోయినా వృథా కాదండి," అన్నాను. ఆ మాట పొద్దున్న మియాపూర్‌లో అనలేకపోయాను, ఇప్పుడు నిండు బోగీలో అన్నాను. "అంతమంది పెద్దవాళ్లం కూర్చుని మురిసిపోతున్నాం. ఆ ముసలాయన కష్టం దీని కంటికే ఆనింది. ఉద్యోగమంటారా, ఇది కాకపోతే ఇంకోటి. ఆ కన్ను ఏ కోచింగులో ఇస్తారు చెప్పండి?"

మాస్టారు పై బెర్తు వైపు ఓ చూపు చూశారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

"ఆ ఓడ వాళ్లు... మా అమ్మాయిలాంటి వాళ్లనీ తీసుకుంటారాండీ?"

నేను నోరు తెరిచేలోపే, నిద్రపోతోందనుకున్న వాళ్లమ్మాయి పై బెర్తు దిగివచ్చి నా పక్కన కూర్చుంది.