పెళ్ళినాటి ఆది జాకెట్టు

ఇవాళ దర్జీ పుణ్యమా అని ఒళ్ళు మండిపోయింది. రేపు విద్యానగర్‌లో పెళ్ళి. వరస బంద్‌ల వల్ల చిక్కడపల్లిలో అతను దుకాణం తెరిచిందే ఈ సాయంత్రం. కొత్త జాకెట్టు ఇంటికి తెచ్చి తొడుక్కోబోతే దాని చెయ్యి నా మోచెయ్యి దాటి పైకి ఎక్కలేదు. మళ్ళీ పరుగెత్తుకెళ్ళి అడిగాను.

"ఏమయ్యా, ఇది ఎవరి కొలత?"

"నేను ఆడోళ్ళ కొలతలు తియ్యనక్కా. మీ సారు ఇచ్చిన ఆది జాకెట్టు పెట్టి కుట్టిన. జర చూడు, నూలుపోగంత తేడా లేదు," అన్నాడు.

చూద్దును కదా, అది నా పెళ్ళినాటి జాకెట్టు! మావారు ట్రంకుపెట్టెలో చేతికందింది తీసి ఇచ్చేశారు.

ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని పెంచిన చేతులివి, రోజూ వీధి కుళాయి నుంచి బిందెలు మోస్తున్న చేతులు. లావైతే అయ్యాయి, నాకు ముద్దే. ఒక్క జాకెట్టు కోసం వాటిని సన్నం చేసుకోను. రేపు నాకు పట్టే పాత జాకెట్టే తొడుక్కుపోతాను.

ఇంటికొచ్చి మావారిని నిలదీశాను.

"నా కంటికి నువ్వు అప్పుడెలా ఉన్నావో ఇప్పుడూ అలాగే ఉన్నావు," అన్నారు.

మీరే చెప్పండి, ఈ మాటకి నేను పొంగిపోవాలా? అన్నంతసేపూ ఆయన కళ్ళు పేపరు మీదే ఉన్నాయి.